పురుగుమందుల హెచ్చరిక భాష, చర్మసంపర్క ప్రమాదం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పిచికారీ చేసే మనిషి ఒంట్లోకి పురుగుమందు ఎక్కువగా చర్మం గుండానే చేరుతుందని వృత్తి ఆరోగ్య పరిశోధనలు 1960ల నుంచి చెబుతూ వచ్చాయి. తెలుగులో పురుగుమందును గురించి వెలువడే పాఠాలు మాత్రం నోటినీ ముక్కునూ చూసినంతగా చర్మాన్ని చూడలేదు. డబ్బామీది హెచ్చరిక, డబ్బాతో వచ్చే కరపత్రం, సేద్యంలో వాడే మాటలు, రైతు సాహిత్యంలో స్థిరపడిన పురుగుమందు ప్రతీక అనే నాలుగింటినీ సామర్లకోట ప్రాంతపు వరిసాగు నేపథ్యంలో పరిశీలించి, చర్మానికి కలిగే ప్రమాదాన్ని అంచనా వేయడంలో భాష ఎక్కడ అడ్డుపడుతున్నదో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పురుగుమందు, చర్మసంపర్కం, హెచ్చరిక పాఠం, గుళికలు, గోదావరి డెల్టా, రైతు సాహిత్యం, పరిభాష.

1. ఉపోద్ఘాతం

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలయ్యే తూర్పు డెల్టా కాలువల వ్యవస్థలో ఒక కాలువ సామర్లకోట పేరుతోనే ఉంది. ఆ నీటి కింద సార్వా, దాళ్వా అని రెండు వరిపంటలు పండుతాయి. పంటల తెగుళ్ళకూ ఈ ఊరికీ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. గోదావరి ప్రాంతంలో చెరకును దెబ్బతీసిన ఎర్రకుళ్ళు తెగులును అధ్యయనం చేయడానికి 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే ఇక్కడ చెరకు క్షేత్రం వెలిసింది. తెగులును తట్టుకొనే రకాలను వెతకడం ఆనాటి ప్రధాన మార్గం. పొట్టి వరి రకాలు, వాటికి పెట్టే ఎరువుల మోతాదు, వాటితో పెరిగిన సుడిదోమ, కాండం తొలిచే పురుగు, ఆకుముడత డెల్టా సేద్యపు స్వరూపాన్ని మార్చిన తరువాత తెగులుకు సమాధానం డబ్బాలోనుంచి రావడం మొదలైంది.

ఆ డబ్బాతో పాటు ఒక పాఠం కూడా పొలంలోకి వచ్చింది. లేబులు, కరపత్రం, దుకాణదారు చెప్పే మాట, పొలంలో పనివాళ్ళు ఒకరికొకరు చెప్పుకొనే మాట కలిస్తే అది ఒక పెద్ద వాఙ్మయం. తెలుగులో రోజూ వాడుకలో ఉన్న శాస్త్ర అనువాదాల్లో దీనంత విస్తృతి ఉన్నది అరుదు. అయినా విమర్శకుల దృష్టి దీనిమీద పడలేదు. పాఠ్యపుస్తకాల అనువాదాన్ని పరిశీలించినంత శ్రద్ధగా ఒక పురుగుమందు కరపత్రాన్ని పరిశీలించడం పరిశోధనకు తగిన పని కాదన్న భావన ఇందుకు కారణం కావచ్చు. ఒక మాట తప్పుగా పడితే పాఠకుడి ఒంటిమీద ఫలితం కనిపించే పాఠం ఇదొక్కటే కాకపోయినా, ఇది అలాంటి పాఠమే.

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి వెళుతుందన్న విషయాన్ని ఈ పాఠాలు తమ పాఠకుడికి చెప్పగలుగుతున్నాయా?

2. 'మందు' అన్న మాట చేసే పని

తెలుగులో 'మందు' విస్తారమైన మాట. రోగం తగ్గించేది మందు. తుపాకిలో కూరేది మందు. దీపావళికి పేల్చేది మందుసామాను. మత్తెక్కించేదీ మందే. ఒకరిని లొంగదీసుకోవడానికి అన్నంలో కలిపేది కూడా మందే, దాన్ని 'మందు పెట్టడం' అంటారు. మేలు, కీడు రెండూ మొదటినుంచీ ఈ మాటలో ఉన్నాయి. కాబట్టి 'పురుగుమందు' అన్న సమాసం విషాన్ని దాచిపెట్టిందని ఒక్కమాటలో తేల్చడం సరికాదు. 'క్రిమిసంహారిణి', 'కీటకనాశని' వంటి మాటలను ప్రభుత్వ భాష తయారుచేసినా జనం 'మందు'నే నిలుపుకోవడంలో ఒక తర్కం ఉంది. చేనుకు జబ్బు వచ్చింది, జబ్బుకు మందు కావాలి. 'తెగులు మందు', 'కలుపు మందు' కూడా ఈ తర్కం నుంచి పుట్టినవే.

చిక్కు నామవాచకంలో కన్నా క్రియలో ఎక్కువగా ఉంది. 'చేనుకు మందు కొట్టాడు' అన్న వాక్యంలో కర్త మనిషి, దెబ్బ తినేది పురుగు, మేలు పొందేది చేను. కొట్టేవాడి శరీరానికి ఆ వాక్యంలో చోటు లేదు. అతడు చేసేవాడే తప్ప, అతనికి ఏదీ జరగదు. 'గుళికలు చల్లాడు', 'మందు కలిపాడు' అన్నవి కూడా ఇదే కోవలోవి. మనిషి శరీరం, పురుగుమందు ఒకే వాక్యంలో సూటిగా కలుసుకొనేది 'పురుగుమందు తాగాడు' అన్నప్పుడే. 'ఎండ్రిన్ తాగి' అన్న పలుకుబడి ఎంతగా స్థిరపడిందంటే, ఆ రసాయనాన్ని 1990లో దేశంలో నిషేధించిన తరువాత కూడా తెలుగువారి మాటల్లో అది పురుగుమందుకు సామాన్యనామంగా చాలాకాలం కొనసాగింది.

పిచికారీ చేస్తూ కళ్ళు తిరిగి కూలబడిన మనిషిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు వాడుకలో వినిపించేవి 'మందు ఘాటు ఎక్కింది', 'మందు వాసన పడలేదు' వంటి మాటలు. ఈ రెండూ ముక్కుకు సంబంధించినవి. విపరీతమైన చెమట, తలనొప్పి, వికారం, నీరసం వంటి లక్షణాలు ఎండదెబ్బకూ, ఆర్గానోఫాస్ఫేట్ విషప్రభావపు తొలి దశకూ సమానంగా ఉంటాయి. అందువల్ల చాలాసార్లు ఆ మాత్రపు మాట కూడా లేకుండా 'ఎండ దెబ్బ తగిలింది' అనడంతో విషయం ముగుస్తుంది. చర్మానికి ఈ పదజాలంలో దక్కినవి దురద, మంట, చురుకు మాత్రమే. అవి చర్మం పైన జరిగేవాటికి పేర్లు. చర్మం గుండా జరిగేదానికి వాడుకలో పేరు స్థిరపడలేదు.

3. రంగు చెప్పేది, చెప్పనిది

1968 నాటి క్రిమిసంహారిణుల చట్టం కింద 1971లో వచ్చిన నియమాలు డబ్బామీద ఏమి ఉండాలో వివరంగా నిర్దేశించాయి. మూలమీద నిలబెట్టిన చతురస్రం ఒకటి లేబులు ముఖవైశాల్యంలో పదహారో వంతుకు తగ్గకుండా ఉండాలి. దాని పై సగంలో సంకేతపదం, కింది సగంలో రంగు ఉంటాయి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ స్వల్పం. చదువురాని వారికి కూడా అందాలన్న ఉద్దేశంతో ఏర్పడిన ఈ పద్ధతిని తేలికగా తీసిపారేయడానికి వీల్లేదు.

రంగును నిర్ణయించేది ఎల్‌డి 50 అనే కొలత, అంటే ప్రయోగంలోని జంతువుల్లో సగం చనిపోవడానికి కిలో బరువుకు పట్టే మోతాదు. నియమాలు దీన్ని రెండు దారుల్లోనూ లెక్కిస్తాయి. నోటిదారిన 50 మిల్లీగ్రాముల లోపు, చర్మం దారిన 200 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు. నోటికి 51 నుంచి 500, చర్మానికి 201 నుంచి 2000 అయితే పసుపు. పట్టికలో చర్మానికి ప్రత్యేకమైన గడి ఉందన్నమాట. పట్టిక నుంచి డబ్బా మీదికి వచ్చేసరికి ఆ రెండు గడులూ ఒకే రంగులో కలిసిపోతాయి. ఎరుపు నోటివల్ల వచ్చిందా, చర్మంవల్ల వచ్చిందా అన్నది చతురస్రాన్ని చూసి తెలుసుకోలేరు. శాస్త్రం విడదీసి కొలిచినదాన్ని చిహ్నం కలిపి చూపింది.

ఆ రంగుకు తోడుగా వచ్చే వాక్యం ఈ కలిపివేతను ఒక పక్కకు వంచుతుంది. ఎరుపు వర్గపు డబ్బామీద పుర్రె, అడ్డుఎముకల గుర్తు, 'విషం' అన్న మాటతో పాటు పిల్లలకు అందకుండా ఉంచాలనీ, మింగినా, విషలక్షణాలు కనిపించినా వెంటనే వైద్యుణ్ణి పిలవాలనీ ఉండాలి. ఇక్కడ పేరు పెట్టి చెప్పిన దారి మింగడం ఒక్కటే. మిగిలిన దారులన్నీ 'విషలక్షణాలు' అన్న మాటలో దాక్కున్నాయి. పొలంలో ఉన్న మనిషి తాను మింగలేదు గనుక ఆ హెచ్చరిక తనది కాదనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అది పిల్లలకో, ప్రాణం తీసుకోదలచినవారికో ఉద్దేశించిన వాక్యంగా అతనికి వినిపిస్తుంది.

ఆకుపచ్చ రంగు ఇంకో రకమైన చిక్కు తెచ్చిపెడుతుంది. ఎల్‌డి 50 మరణాన్ని కొలుస్తుంది, బాధను కొలవదు. ఎం-45 పేరుతో రైతులందరికీ తెలిసిన మాంకోజెబ్ ఆకుపచ్చ వర్గంలోనిది. పదేపదే తగిలితే అది కొందరి చర్మంలో అలర్జీని కలిగించగలదు. పసుపు వర్గంలోని సైపర్‌మెత్రిన్ ముఖానికి తగిలినప్పుడు గంటల తరబడి మంట, తిమ్మిరి పుడతాయి. చర్మం తనంతట తాను మాట్లాడే ఇలాంటి సందర్భాలను రంగుల పట్టిక లెక్కలోకి తీసుకోదు. పచ్చదనాన్ని శుభంగా, పంటకు గుర్తుగా చూసే భాషలో ఆకుపచ్చ చతురస్రం 'స్వల్ప విషం' అని కాక 'భయం లేదు' అని చదవబడే అవకాశం ఎక్కువ.

4. గుళికలు

వరిసాగులో చర్మసంపర్కాన్ని అర్థం చేసుకోవడానికి పిచికారీ కన్నా గుళికలు మంచి ఉదాహరణ. 'గుళిక' ఆయుర్వేదపు మాట. వైద్యుడు చేతిలో పెట్టేది, చేత్తో పట్టుకొని నోట్లో వేసుకొనేది గుళిక. నారుమడిలోనూ పొలంలోనూ పురుగు కోసం చల్లే గుండ్రని రేణువులకు అదే పేరు వచ్చింది. రూపాన్ని బట్టి వచ్చిన పేరే అయినా, దానితో పాటు చేత్తో పట్టుకోవచ్చునన్న అనుమతి కూడా వచ్చింది. తడి లేదు, ఆవిరి కనిపించదు, తుంపర ఎగరదు. ఇసుకలోనో యూరియాలోనో కలిపి ఎరువు చల్లినట్టే చల్లవచ్చు. ఎరువు చల్లే అలవాట్లన్నీ, అంటే బేసిన్‌ను నడుముకు ఆనించుకోవడం, ఒడి కట్టుకోవడం, పిడికిలి నింపి విసరడం, గుళికలకూ సంక్రమించాయి.

ఈ పేరు కింద దశాబ్దాల పాటు రెండు రసాయనాలు పక్కపక్కన అమ్ముడయ్యాయి. ఒకటి కార్బోఫ్యూరాన్, రెండవది ఫోరేట్. ఎలుకల మీద కొలతల్లో నోటిదారిన రెండూ కిలోకు 10 మిల్లీగ్రాముల లోపే ప్రాణాంతకాలు. చర్మం దారిన చూస్తే పరిస్థితి వేరు. కార్బోఫ్యూరాన్ అంకె 2000 మిల్లీగ్రాములు దాటిపోతుంది. ఫోరేట్ అంకె మళ్ళీ 10 లోపే ఉండిపోతుంది. అంటే ఫోరేట్ విషయంలో చర్మానికీ నోటికీ మధ్య తేడా దాదాపు లేనట్టే. గుళిక రూపంలో రసాయనపు శాతం తక్కువ కాబట్టి పొలంలో ప్రమాదం ఈ అంకెలంత సూటిగా ఉండదు, కానీ రెండింటి మధ్య ఉన్న దూరం మాత్రం చెరిగిపోదు. ఒకే పేరు, ఒకే ఎర్ర రంగు, ఒకే పిడికిలి. చర్మానికి సంబంధించినంత వరకు వందల రెట్లు తేడా ఉన్న రెండు పదార్థాలను వేరుచేసి చెప్పే మాట ఒక్కటి కూడా ఆ పాఠంలో లేదు.

2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వు ప్రకారం ఫోరేట్ వాడకం 2020 డిసెంబరు 31తో ఆగిపోవాలి. ఆ నిర్ణయం సరైనదే. అయితే నిషేధం ఒక రసాయనాన్ని తొలగిస్తుంది, అలవాటును తొలగించదు. 'గుళికలు' అన్న మాట, దానితో వచ్చే వట్టిచేతి చనువు తరువాత వచ్చిన రసాయనాలకు వారసత్వంగా అందుతూనే ఉన్నాయి.

5. కొలిచే శాస్త్రం, కొలవబడ్డ శరీరాలు

చర్మం మీద పడే పురుగుమందును కొలవవచ్చునని పద్ధతిగా చూపినవారు డర్హమ్, వుల్ఫ్. వారి వ్యాసం 1962లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. పనివాడి దుస్తులపై, దుస్తుల కింద, ఒంటిమీద అక్కడక్కడా చిన్న పీల్చుడు పట్టీలు అతికిస్తారు. పని ముగిశాక వాటిలో చేరిన రసాయనాన్ని కొలిచి, ఆ భాగపు వైశాల్యంతో హెచ్చిస్తారు. చేతులను కడిగిన నీటిని విడిగా పరీక్షిస్తారు. పీల్చిన దానికన్నా చర్మం మీద పడ్డది ఎన్నో రెట్లు ఎక్కువగా తేలడం ఈ రకం అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించిన ఫలితం. 1980లలో రిచర్డ్ ఫెన్స్కీ మెరిసే రంగుద్రవ్యాన్ని మందులో కలిపి, పని తరువాత అతినీలలోహిత కాంతిలో ఒంటిని ఫొటో తీసే పద్ధతిని తెచ్చాడు. పట్టీ ఊహించని చోట్ల, అంటే కాలరు లోపల, మణికట్టు దగ్గర, చేతితొడుగు కింద కూడా, మందు చేరిన జాడలు ఆ ఫొటోల్లో కనిపిస్తాయి.

పడిందంతా లోపలికి వెళ్ళదు. ఎంత వెళుతుందన్నది శరీరభాగాన్ని బట్టి మారుతుంది. మైబాక్, ఆయన సహచరులు 1971లో ప్రచురించిన ఫలితాల్లో పారాథియాన్ ముంజేతి గుండా సుమారు 8.6 శాతం, పొట్ట గుండా 18 శాతం, నుదుటి గుండా 36 శాతం, చంకలో 64 శాతం లోపలికి చేరింది. వృషణాల మీది చర్మం గుండా దాదాపు నూటికి నూరు పాళ్ళూ చేరింది. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఉదహరించే అంకెలివి. ఆ కాలపు చర్మశాస్త్రం గురించి ఒక మాట చెప్పకుండా ఈ అంకెలను వాడుకోవడం న్యాయం కాదు. 1960, 70లలో కాలిఫోర్నియాలోని వాకవిల్ కారాగార వైద్యకేంద్రంలో ఖైదీల మీద మైబాక్, ఆయన సహోద్యోగి ఒకరు జరిపిన ప్రయోగాల్లో చర్మానికి పురుగుమందులు పూయడం కూడా ఉంది. ఆ ప్రయోగాలకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2022లో క్షమాపణ చెప్పుకొంది.

ఈ శరీరపటాన్ని వరిపొలంలోని పనితో పక్కపక్కన పెట్టి చూడాలి. ఒడి కట్టుకొని చల్లినప్పుడు గుళికల బరువు ఆనేది పొత్తికడుపు మీద, గజ్జల మీద. వీపుకు తగిలించుకొన్న ట్యాంకు మూత కారితే మందు వెన్ను మీదుగా నడుములోకి దిగుతుంది. సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది గనుక మందు మొదలు తడిసేలా కొట్టాలి. పాయలు తీసిన దారిలో ముందుకు నడుస్తూ కొట్టేవాడి తొడలు, పిక్కలు అప్పుడే తడిసిన ఆకులను రాసుకుంటూ సాగుతాయి. తడిసిన లుంగీ ఒంటికి అతుక్కొని ఉన్నంతసేపూ అది దుస్తు కాదు, మందులో నానిన పట్టు. చెమట, వేడి, నాని మెత్తబడిన చర్మం లోపలికి వెళ్ళే వేగాన్ని పెంచుతాయి. నూనె ఆధారిత ద్రావకంలో కలిపిన మందుల్లో ఆ ద్రావకమే దారి చూపుతుంది. శాస్త్రజ్ఞుడు పట్టీ అతికించి తెలుసుకొన్నదంతా ఇక్కడ లుంగీ అంచు మీద జరుగుతూ ఉంటుంది.

కరపత్రం ఈ శరీరానికి చెప్పేది ఏమిటి? నోటికి, కంటికి, చర్మానికి తగలనీయవద్దు. తుంపరను పీల్చవద్దు. గాలి వాలున కొట్టండి. పనిచేసేటప్పుడు తినవద్దు, తాగవద్దు, పొగ పీల్చవద్దు. పూర్తి రక్షక దుస్తులు ధరించండి. ఇవి ప్రతి మందు కరపత్రంలోనూ దాదాపు మార్పులేకుండా కనిపించే సూచనలు. మందు మారినా, పంట మారినా, కొట్టే పద్ధతి మారినా మారని పాఠం కొంతకాలానికి చదవబడడం మానేస్తుంది. గజ్జలకూ ముంజేతికీ పది రెట్లకు పైగా తేడా ఉండగా 'చర్మం' అన్న ఒక్కమాటతో శరీరమంతటినీ సమానం చేయడం, పని నుంచి మాటను వేరుచేసిన అనువాదానికి మంచి ఉదాహరణ.

6. తువ్వాలు

పొలంలో తువ్వాలును ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకొంటారు. వాసనే విషమన్న నమ్మకానికి ఇది తగిన రక్షణ. ఈ నమ్మకం పూర్తిగా అబద్ధం కాదు, వాసన ఉన్న మందులో పీల్చే ప్రమాదమూ ఉంది. కానీ తుంపరకు తడిసిన తువ్వాలు ముఖచర్మానికి గంటల తరబడి మందును అంటిపెట్టి ఉంచుతుంది. ఘాటు లేని మందు మెత్తనిదన్న భావన కూడా ఇక్కడినుంచే వస్తుంది. చర్మానికి వాసన తెలియదు.

2017 వర్షాకాలంలో ఆదిలాబాద్‌కు సరిహద్దున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో తలెత్తు పెరిగిన పత్తిచేలలో మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మనిషి ఎత్తున్న చేనుకు మందు కొడితే అది తిరిగి ఒళ్ళంతా కురుస్తుంది. అయినా ఆ ఘటనను వార్తాభాష చాలావరకు 'విషవాయువులు పీల్చి' మరణించడంగానే చెప్పింది. తాగడం కాదని తేలిన చోట కూడా ముక్కు వచ్చి చేరింది గాని చర్మం రాలేదు.

రక్షక దుస్తుల విషయంలో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి ఒక నిజాయితీ గల మాట చెప్పింది. వేడి దేశాల్లోని చిన్నరైతులు, కూలీలు వాడేచోట, అసౌకర్యమైన, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ సామగ్రి అవసరమయ్యే పురుగుమందులను వాడకుండా ఉండాలన్నది దాని సారాంశం. దీనిప్రకారం చూస్తే దాళ్వా ఎండలో 'పూర్తి రక్షక దుస్తులు ధరించండి' అన్న వాక్యం హెచ్చరిక కాదు, ఆ మందు అక్కడ వాడదగింది కాదన్న ఒప్పుకోలు. కరపత్రం ఆ ఒప్పుకోలును ఆజ్ఞగా మార్చి బాధ్యతను చదివేవాడి మీదికి నెట్టింది.

7. రైతు సాహిత్యంలో డబ్బా

1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లోనూ, 1997–98లో వరంగల్లు ప్రాంతంలోనూ పత్తిరైతుల ఆత్మహత్యలు జరిగిన తరువాత తెలుగు కవిత్వంలో, కథలో పురుగుమందు డబ్బా ఒక స్థిరమైన ప్రతీక అయింది. అప్పు, కల్తీ, వడ్డీ, కుటుంబం చితికిపోవడం, చివరకు డబ్బా. పురుగును చంపలేని మందు రైతును చంపిందన్న విరోధాభాస ఆ రచనలకు బలమైన ఉపకరణం. దాన్ని తక్కువ చేసి చూడవలసిన పనిలేదు. దళారీ వ్యవస్థను, విధానాల వైఫల్యాన్ని నిలదీయడంలో ఆ ప్రతీక గట్టిగా పనిచేసింది.

అయితే ప్రతీకగా మారిన వస్తువు తన వస్తుత్వాన్ని కొంత కోల్పోతుంది. ఆ సాహిత్యంలో డబ్బా మూత ఎక్కువగా తెరుచుకొనేది చివరి ఘట్టంలో. అంతకు ముందు ఆ మనిషి, అతని భార్య, వారి కూలీలు ఎన్నిసార్లు ఆ మూత తెరిచారో, కొలత లేక మూతతోనే కొలిచి వట్టిచేత్తో ఎలా కలిపారో కథకు అవసరం లేకపోయింది. ఆసుపత్రి లెక్కలు కూడా ఇదే చూపును బలపరిచాయి. వరంగల్లు ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరినవారు 8040 మంది, మరణాల శాతం 22.6 అని 2005లో వెలువడిన అధ్యయనం చెబుతుంది. వివరంగా పరిశీలించిన 2002 సంవత్సరపు రోగుల్లో 96 శాతం ఉద్దేశపూర్వకంగా తీసుకొన్నవారు. ఈ అంకె నిజం. కానీ అది ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చినవారి గురించిన నిజం. పని ముగించి, ఒళ్ళు తూలుతూ ఇంటికి వెళ్ళి పడుకొన్నవారు ఆ అంకెలో లేరు.

వారిని లెక్కించే ప్రయత్నం అదే 2005లో ఫ్రాన్సెస్కా మాన్సిని బృందం ప్రచురించిన అధ్యయనంలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో పత్తి పండించే 50 మంది స్త్రీలు తమకూ, తమ ఇళ్ళలోని 47 మంది పురుషులకూ మందు పని తరువాత కనిపించిన లక్షణాలను ఒక సాగుకాలం పొడవునా తామే నమోదు చేశారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం స్వల్పం నుంచి తీవ్రం దాకా విషలక్షణాలతో కూడినవి. కొట్టేవారు పురుషులే అయినా, చిక్కని మందును కలపడం, ట్యాంకులు నింపడం స్త్రీల పని కావడంతో వారూ అంతే ప్రమాదంలో ఉన్నారని తేలింది. భూస్వాముల కన్నా సన్నకారు రైతుల్లో తీవ్రమైన లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. సాహిత్య విమర్శకు ఈ అధ్యయనంలో పనికివచ్చేది అంకెల కన్నా పద్ధతి. ఇక్కడ కథకులు స్త్రీలు, వారు రాసింది చివరి ఘట్టం కాదు, మామూలు రోజు.

డెల్టాలో ఈ ప్రశ్న మరికొంత ముందుకు పోతుంది. ఇక్కడ భూమి ఒకరిది, కౌలు ఒకరిది, మందు కొట్టే చేయి మరొకరిది కావచ్చు. కూలి ట్యాంకు లెక్కన కుదిరినప్పుడు ఎన్ని ట్యాంకులు కొడితే అంత కూలి. చర్మం మందుకు గురయ్యే కాలమూ కూలీ పెరిగే కాలమూ ఒక్కటే అవుతుంది. 'రైతు సాహిత్యం' అన్న పేరులో ఈ మనిషికి చోటు ఎక్కడ? అతనికి అప్పు కథ లేదు, పంట కథ లేదు. ఒళ్ళు తప్ప మరొకటి పెట్టుబడిగా లేని అతని కథ రైతు కథల పక్కన దళిత కథగా చదవబడవచ్చు, లేదా అసలు రాయబడకపోవచ్చు. 2023లో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం తరువాత ట్యాంకు మోసే వీపు కొన్నిచోట్ల తప్పుకొంటున్నది. డ్రోన్‌కు ఎకరానికి పట్టే నీరు చాలా తక్కువ, అంటే కలిపే ద్రావణం అంత చిక్కన. కలిపే చేతుల విషయంలో సాహిత్యమూ కరపత్రమూ ఇకనైనా మాట్లాడవలసి ఉంటుంది.

8. తగలడం, ఇంకడం

ఆంగ్ల పాఠంలోని సంపర్కాన్ని తెలుగు కరపత్రాలు 'తగలడం', 'తాకడం' అని చెబుతాయి. అనువాదంగా తప్పులేదు. తెలుగులో 'తగిలింది' అన్నది ఒక క్షణానికి సంబంధించిన మాట. తగిలినది తుడిస్తే పోతుంది, కడిగితే పోతుంది. చర్మం ఒక గోడ అన్న భావన దాని వెనుక ఉంది. ప్రమాదం తగలడంలో లేదు, ఆ తరువాత కంటికి కనబడకుండా జరిగేదానిలో ఉంది.

దానికి తెలుగులో మాట లేక కాదు. నేలలోకి నీరు 'ఇంకుతుంది'. తలంటినాడు నూనె మాడుకు 'పట్టిస్తారు', అది ఇంకేదాకా ఆగుతారు. బెణుకుకు పట్టు వేస్తారు, కడుపునొప్పికి బొడ్డు చుట్టూ ఆముదం రాస్తారు, పసిబిడ్డ ఒంటికి నలుగు పెడతారు. చర్మం తాగుతుందన్న ఎరుక తెలుగు ఇంటివైద్యం నిండా ఉంది. పైన రాసింది లోపల పనిచేస్తుందని నమ్మని ఇల్లు డెల్టాలో ఉండదు. మేలు చేసే మందు విషయంలో ఉన్న ఈ ఎరుక కీడు చేసే మందు విషయంలోకి రాకుండా అడ్డుకున్నది అజ్ఞానం కాదు, మాటల ఎంపిక. ప్రమాదాన్ని చెప్పే బాధ్యత పుస్తకభాషకు వెళ్ళింది. ఇంటిభాషలోని 'ఇంకు', 'పట్టు' అన్న ధాతువులు తలంటు దగ్గరే ఆగిపోయాయి.

'చర్మానికి తగలనీయవద్దు' అన్న చోట 'ఈ మందు నూనెలాగా ఒంట్లోకి ఇంకుతుంది, తుడిస్తే పోదు, వెంటనే సబ్బుతో కడగాలి' అని రాస్తే వాక్యం పొడవవుతుంది. కానీ పాఠకుడికి ఇప్పటికే తెలిసినదాని మీద నిలబడుతుంది. ఒడి కట్టవద్దని గుళికల సంచిమీదే రాయవచ్చు. తడిసిన తువ్వాలు ముఖాన ఉంచుకోవద్దని చెప్పవచ్చు. ఫలానా మందు చర్మం గుండా వేగంగా వెళ్ళేదా కాదా అన్నది రంగుకు పక్కన అరచేతి బొమ్మతో విడిగా చూపవచ్చు. పట్టికలో గడి ఎలాగూ ఉంది. ఇలాంటి పాఠాన్ని అచ్చుకు ముందు మందు కొట్టేవారికి, కలిపేవారికి చదివి వినిపించి, వారు దాన్ని తిరిగి తమ మాటల్లో ఎలా చెబుతారో చూసి దిద్దడం తెలుగు శాఖలు చేయదగిన క్షేత్రపరిశోధన. సామర్లకోటలోని విస్తరణ శిక్షణ కేంద్రం వంటి చోట్లకు శిక్షణ కోసం వచ్చే గ్రామస్థాయి సిబ్బందితో ఆ పని మొదలుపెట్టడం కష్టం కాదు.

అప్పుడు తేల్చుకోవలసిన ఇంకో చిక్కు ఉంది. కరపత్రం చివర ఉండే 'పని ముగిశాక దుస్తులను, ఒంటిని బాగా కడగండి' అన్న సూచన మందు కొట్టినవాణ్ణి ఉద్దేశించింది. ఒళ్ళు కడుక్కునేది అతడే. ఆ లుంగీ, తువ్వాలు తీసుకొని పంటకాలువ రేవులో ఉతికేది మాత్రం సాధారణంగా ఇంట్లోని ఆడమనిషి. చేతులు మోచేతుల దాకా ఆ నీళ్ళలోనే ఉంటాయి. ఆమెను సంబోధించే వాక్యం ఏ కరపత్రంలోనూ లేదు. ఆ డబ్బా ఆమె కొన్నది కాదు, ఆ పాఠం ఆమె చేతికి రాదు.